లింబాయత్: యంత్రం విడువని పాటలు

సూరత్ అనగానే మనకు వజ్రాలు, జరీ, మెరిసే చీరలు స్ఫురిస్తాయి. ఆ చీరల బట్ట నేసే చేతులలో అనేకం తెలుగు చేతులని ఎరిగినవారు తక్కువ. నగరానికి ఆగ్నేయంగా, రైలుకట్టకు ఆవల, లింబాయత్ అనే పేట ఉంది. కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు ఊళ్లోని మగ్గం గుంటలు విడిచి, మరమగ్గాల పని వెదుక్కుంటూ ఇక్కడికి వలస వచ్చారు. మరాఠీ, హిందీ, ఒరియా మాటల నడుమ ఒక సందులో హఠాత్తుగా "బువ్వ తిన్నవా?" అన్న పలకరింపు వినబడితే ప్రయాణికుని కాళ్లు తమంతట తామే ఆగుతాయి. ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం బడులు నడుపుతూ వచ్చింది.

బతుకమ్మ కూడా ఈ వలసలో వచ్చింది. ఆ పాటల కోసమే నేను వెళ్లాను.

ఒక మరమగ్గాల మేస్త్రీ ఇంట బీరువాలో అయిదు ప్లాస్టిక్ బిళ్లలు చూపించారు. అరచేతిలో ఇమిడే మినీడిస్కులు. 2003లో, మరుసటి ఏడు, తన తల్లి, ఆమె ఈడు స్త్రీలు పాడిన బతుకమ్మ పాటలను ఆయన ఒక చిన్న యంత్రంలో పట్టి ఉంచారు. 2006 ఆగస్టులో తాపీ వరద నగరంలో అధిక భాగాన్ని ముంచినప్పుడు వాటిని అటక మీద దాచి కాపాడుకున్నారట. ఇప్పుడా తల్లి లేదు. సిరిసిల్లలోని చెల్లెలికి ఆ పాటలు పంపాలి. తీగ తగిలిస్తే కంప్యూటరు యంత్రాన్ని గుర్తుపడుతుంది. పాటను మాత్రం తీసుకోదు.

"అమ్మ పాడింది, నేను పట్టిన. నా పాట నాకెందుకియ్యది సార్?"

కారణం విచిత్రమైనది. జపానులో 1992లో వెలువడిన మినీడిస్కు శబ్దాన్ని సుమారు అయిదోవంతుకు కుదించి దాచుకుంటుంది. 2001లో దానిని కంప్యూటరుకు కలిపే వీలు కల్పించారు గాని, అది ఒంటిదారి. కంప్యూటరు నుండి పాట డిస్కులోకి పోతుంది, తిరిగి రాదు. దొంగ నకళ్లు ప్రబలుతాయన్న భయంతో వేసిన ఆ తాళం, మైకు ముందు కూర్చుని పాడిన ముసలమ్మను కూడా దొంగల పద్దులోనే రాసింది. 2004లో కొత్తరకం డిస్కులతో తాళం కొంత సడలింది. 2006లో పాత డిస్కులనూ కంప్యూటరులోకి ఎక్కించే నమూనా ఒకటి వచ్చింది. 2011లో చేతియంత్రాల తయారీయే నిలిచింది. 2025 ఫిబ్రవరిలో ఖాళీ డిస్కులదీ ముగిసింది. ఆ 2006 నాటి నమూనా ఇప్పుడు పాత సరుకుగా దొరికినా ధర మేస్త్రీ జీతానికి అందదు. ఇటీవల ఔత్సాహికులు కొన్ని యంత్రాలకు తాళం తీసే ఉపాయం కనిపెట్టారు. ఈయన యంత్రం వాటిలో లేదు.

అనువాదం నా వృత్తి. మాట ఒక భాష నుండి మరొక భాషకు దాటేటప్పుడు కొంత రాలిపోవడం నాకు అలవాటే. ఇక్కడ అసలు రేవే లేదు.

మిగిలినది పాతకాలపు మార్గం. చెవిగొట్టాలు తగిలించే రంధ్రం నుండి కంప్యూటరుకు ఒక తీగ లాగి, పాటను మోగనిచ్చి, అక్కడ మళ్లీ పట్టుకోవడం. 74 నిమిషాల డిస్కుకు 74 నిమిషాలూ పడుతుంది. పాటలను ఒక్కొక్కటిగా చేతితో విడదీయాలి. శబ్దస్థాయి కాస్త హెచ్చితే గొంతు బొంగురుపోతుంది, తిరిగి మొదలుపెట్టాలి.

కనుక కూర్చుని విన్నాం. పాటల వెనుక మరమగ్గాల హోరు ఎడతెగకుండా ఉంది. మూడవ పాట నడుమ అది ఒక్కసారిగా ఆగింది. కరెంటు పోయి ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో ఒక్క వృద్ధకంఠం, చప్పట్లు, ఎవరో పసిపాప దగ్గు. మగ్గాలు మళ్లీ అందుకున్నాయి. ఆ హోరును సాఫ్టువేరుతో తొలగించవచ్చునని మేస్త్రీ కొడుకు అన్నాడు. తండ్రి ఒప్పుకోలేదు. అమ్మ ఆ చప్పుడు మీదనే పాడిందన్నారు. నాకూ ఆయన మాటే సబబనిపించింది.

నేను బయలుదేరేనాటికి రెండు డిస్కులు పూర్తయ్యాయి. మూడవది యంత్రం ఒకసారి చదువుతుంది, మరొకసారి ఖాళీ అని చూపుతుంది.