నీడ ఒక్కటే పడాలి

కాలేజీలో ఎవరైనా "ఇంటర్ ఎక్కడ?" అని అడిగితే ఇంటర్ కాదు, సీబీఎస్ఈ అంటాను. "గ్రూప్?" అంటే ఎంపీసీ లాంటిదే, దాంతోపాటు మాస్ మీడియా స్టడీస్ అంటాను. అక్కడ అందరూ ఆగిపోతారు. "సినిమాలు చూస్తే మార్కులేస్తారా?" వేస్తారు. థియరీకి 60, ప్రాక్టికల్‌కి 40. పత్రికలు, రేడియో, టీవీ కూడా సిలబస్‌లో ఉంటాయి, కానీ మా క్లాసులో ఎక్కువగా నడిచింది సినిమాయే. నిజం చెప్పాలంటే నేనేదో ఇష్టంతో తీసుకోలేదు. ఇంకో ఆప్షన్ ఫిజికల్ ఎడ్యుకేషన్. అందులో పరిగెత్తాలి.

మేముండేది కృష్ణానగర్‌లో. తెల్లవారకముందే అక్కడ టీ బండ్ల దగ్గర జూనియర్ ఆర్టిస్టులు బ్యాగులు పట్టుకుని కంపెనీ వ్యాన్ల కోసం నిలబడి ఉంటారు. ఆ వ్యాన్లూ నా స్కూల్ బస్సూ ఒకే చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఆగేవి. మా బస్సు జూబ్లీహిల్స్ పైకి ఎక్కేది. వాటిలో ఏదో ఒకదాంట్లో మా నాన్న ఉండేవాడు, ఫిల్మ్‌నగర్ వైపు వెళ్తూ. నాన్న లైట్‌మ్యాన్. స్కూల్ ఫారాల్లో తండ్రి వృత్తి అన్నచోట నేను 'ప్రైవేట్ ఎంప్లాయీ' అని రాసేవాణ్ణి. అబద్ధం కాదు కదా అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

నాన్నది పాలకొల్లు దగ్గర పల్లె. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు పుట్టిన పాలకొల్లే. ఆ ఊరి గాలి పీల్చినవాళ్ళకి సినిమా పిచ్చి కొత్తేం కాదు. కానీ నాకు ఆ గాలి తగలకూడదనే ఆయన ఇంగ్లీష్ మీడియం ఫీజులు కట్టాడు. నేను ఆ సబ్జెక్ట్ తీసుకున్న సంగతి పుస్తకాలు కొనేటప్పుడు బయటపడింది. "సినిమా వద్దనే కదరా నిన్ను అంత దూరం పంపిస్తున్నాను" అన్నాడు. తర్వాత ఒక వారం దాని గురించి మాట్లాడలేదు.

విదేశాల్లో, ఇక్కడ కొన్ని పెద్ద స్కూళ్ళలో ఉండే ఐబీ డిప్లొమాలో ఫిల్మ్ అనేది ఫిజిక్స్‌లాగే ఒక పూర్తి సబ్జెక్ట్. అందులో ఒక సినిమా నుంచి ఐదు నిమిషాలకు మించని ముక్క తీసుకుని, కెమెరా ఎక్కడుంది, వెలుతురు ఎటునుంచి వస్తోంది, శబ్దం ఏం చేస్తోంది అని విడదీసి రాయాలి. మా టీచర్ అదే పద్ధతిలో మాకు ప్రాజెక్ట్ ఇచ్చారు. అందరూ నోలన్, సత్యజిత్ రాయ్ తీసుకున్నారు. నేను 1957 నాటి 'మాయాబజార్'లో వెన్నెల్లో పడవ పాట తీసుకున్నాను. అది తెలివి కాదు, ఇంట్లో పదిసార్లు చూసిన పాత సినిమా అదొక్కటే. ఆ వెన్నెల ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే సృష్టించింది అని చదివాను. ఎలా సృష్టించాడో పుస్తకంలో లేదు. కీ లైట్, ఫిల్ లైట్, బ్యాక్ లైట్ అని మూడు పెట్టెల బొమ్మ ఉంది. అదే గీసి రెండు పేజీలు నింపాను.

రాత్రి నాన్న షూటింగ్ నుంచి వచ్చి, అన్నం తింటూ నా బొమ్మ చూశాడు. "ఇదేంటి?"

"వెన్నెల."

"ఇలా కొడితే పెళ్ళి రిసెప్షన్ అవుద్ది" అన్నాడు.

చెయ్యి కడుక్కుని వచ్చి వంటింట్లో లైటు ఆర్పాడు. నేల మీద స్టీలు గ్లాసు పెట్టి, నా ఫోన్ టార్చ్ దాని వెనక, బాగా ఎత్తులో పట్టుకున్నాడు. గ్లాసు అంచు మాత్రం మెరిసింది, ముందువైపు చీకటి. రెండో చేత్తో కంచం అడ్డంగా పట్టి ఆ వెలుతుర్ని కొంచెం గ్లాసు ముఖం మీదికి తిప్పాడు. "ముందునుంచి కొట్టకూడదు. వెనకనుంచి రావాలి, ముఖానికి కొంచెం నింపాలి. సెట్లో కంచం బదులు థర్మకోల్ పెడతాం. ఎన్ని లైట్లు పెట్టినా సరే, చూసేవాడికి నీడ ఒక్కటే పడాలి. చంద్రుడు ఒక్కడే కదరా."

పుస్తకంలో బ్యాక్ లైట్ అన్న మాట అప్పటికి పదిసార్లు చదివాను. అర్థమైంది ఆ గ్లాసు దగ్గర. మా ఇంట్లో పదిహేడేళ్ళుగా ఉన్న సబ్జెక్ట్ అది. నేనే దాన్ని ఫీజు కట్టి ఇంగ్లీషులో చదువుకున్నాను. ఆ రాత్రే బొమ్మ చింపేసి మళ్ళీ రాశాను. ప్రాక్టికల్‌లో 40కి 38 వచ్చాయి.

ప్రాజెక్ట్ చివర కృతజ్ఞతల పేజీలో టీచర్ పేరు, ప్రిన్సిపాల్ పేరు రాశాను. దాని కింద, 'సినీరంగ సాంకేతిక నిపుణుడొకరి సహకారంతో' అని ఇంగ్లీషులో ఒక లైను. నాన్న స్పైరల్ బైండింగ్ అంతా తిప్పాడు. ఆయన ఇంగ్లీష్ కూడబలుక్కుని చదువుతాడు, పేర్లు మాత్రం బాగా గుర్తుపడతాడు. "నా పేరేది?"

"పేర్లు వెయ్యకూడదు నాన్నా, ఫార్మాట్ అంతే."

ప్రిన్సిపాల్ పేరు బోల్డ్‌లో ఉంది.

"సర్లే, మాకు అలవాటే. టైటిల్స్‌లో యూనిట్ పేరు పడుద్ది, మా పేర్లెక్కడ పడతాయి" అని, దాన్ని ఫ్రిజ్ మీద పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది, దాని మీద కరెంటు బిల్లులు పెడతారు.

2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచాలని సినీ కార్మికులు సమ్మె చేశారు. 18 రోజులు షూటింగ్‌లు ఆగాయి. అప్పుడు నేను హాస్టల్‌లో ఉన్నాను. మెస్ టీవీలో ఆ వార్త వస్తుంటే మనవాడొకడు "లైట్లు పట్టుకుని నిలబడ్డానికి అంతా?" అన్నాడు. కావాలని అనలేదు, వాడికి తెలియదు. తెలియకుండా చేసింది నేనే. నేను ఇంకో గరిటె సాంబారు వేసుకున్నాను.

మొన్న మన క్లబ్ షార్ట్ ఫిల్మ్‌కి హాస్టల్ టెర్రస్ మీద వెన్నెల కావాల్సి వచ్చింది. నాన్నకి ఫోన్ చేశాను. వాటర్ ట్యాంక్ ఎటు ఉంది, ఎంత ఎత్తు, గోడకి సున్నం ఉందా అని ఇరవై ప్రశ్నలు వేశాడు. రెండు ఎల్ఈడీ లైట్లు, ఫ్రిజ్ పెట్టెలోంచి తీసిన థర్మకోల్‌తో లాగించాం. ఒక షాట్‌లో రెండు నీడలు పడ్డాయి, చూసినవాళ్ళెవరూ పట్టుకోలేదు.

టైటిల్స్ తెలుగులో వేశాం. లైటింగ్ సలహా అన్నచోట ఈసారి పేరు వేసి, వీడియో నాన్నకి వాట్సాప్‌లో పంపాను. గంట తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. "రెండు నీడలు పడ్డాయేంట్రా? సర్లే. నా పేరులో రెండో అక్షరానికి ఒత్తు ఉంటది, చూసుకో."

సరిచేసి మళ్ళీ రెండర్ పెట్టాను. నా లాప్‌టాప్‌లో నలభై నిమిషాలు పట్టింది.