పిడికిలి విప్పే ఆట

మైపాడు దగ్గర ఒక పట్టపుపాలెం. వేపచెట్టు నీడలో పరిచిన బొంత మీద రెండేళ్ల పిల్లాడు పడుకుని ఉన్నాడు. పక్కనే ఇసుకలో మోకాళ్ల మీద కూర్చున్న ఫిజియోథెరపిస్టు చేతిలో వల బెండు. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా రొయ్యల గుంటలు దాటుకుని నేను వచ్చింది ఈ ఆట చూడ్డానికే.

ఆమె బెండును కుడిపక్కన ఆడించింది. వాడు తల అటు తిప్పాడో లేదో, కుడిచెయ్యి బిర్రుగా చాచుకుపోయింది. ఎడమచెయ్యి మోచేతి దగ్గర ముడుచుకుంది. అచ్చం విల్లు ఎక్కుపెట్టినట్టు. "అందుకోవాలనే చూస్తున్నాడు సార్, ఒళ్లు మాట వినడం లేదు" అంది.

పుట్టిన కొత్తలో ఈ అసంకల్పిత ప్రతిచర్య బిడ్డలందరికీ ఉండేదే. తల వాలితే చేతులు బారచాపి ఉలిక్కిపడడం, అరచేతిలో వేలు పెడితే గుప్పిట బిగించడం కూడా అంతే. ఆ ఉలికిపాటును 1918లో వివరించిన ఎర్న్‌స్ట్ మోరో పేరే దానికి నిలిచిపోయింది. మెదడు ఎదిగేకొద్దీ, సుమారు ఆరు నెలలకు ఇవన్నీ అణిగి, బిడ్డ తలుచుకున్న కదలికలకు చోటిస్తాయి. నెలలు నిండకుండా పుట్టిన ఈ పిల్లాడికి సెరిబ్రల్ పాల్సీ. అందుకే ఇంకా అణగలేదు.

ఆమె వాణ్ణి పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, బెండును సరిగ్గా ఛాతీ ముందు పెట్టింది. ఇప్పుడు తల తిప్పాల్సిన పని లేదు. కాసేపటికి రెండు చేతులూ నడుమ కలిశాయి, బెండు కదిలింది, వాడు కిలకిలా నవ్వాడు. తర్వాత బిగిసిన ఎడమ పిడికిలి. వేళ్లను బలవంతంగా విప్పలేదు. చేతి వెనకవైపు మెల్లగా నిమిరింది. వేళ్లు సడలగానే చుట్టిన బొంత మీద బోర్లా పడుకోబెట్టి, అరచేతిని తడి ఇసుకలో ఆనించి, ఒంటి బరువు కొంచెం దాని మీదికి వచ్చేలా వంచింది. చెయ్యి తీస్తే ఇసుకలో అయిదు వేళ్ల అచ్చు. "ఇంకోటి" అన్నట్టు వాడు ఆమె మొహంలోకి చూశాడు.

"బోర్లా పడితే బొబ్బట్లు చేశామమ్మణ్ణీ. అడుగులకు అరిసెలు ఎప్పుడు వండాల?" అని అడిగింది అవ్వ.

"చెప్పలేనవ్వా. ముందు ఆనుకోకుండా కూర్చోనీ."

ఆ జవాబు నాకు నచ్చింది. బిడ్డ బోర్లా పడ్డం దగ్గర్నుంచి మాటలు వచ్చేదాకా ఒక్కో మెట్టుకు ఒక్కో పిండివంట చేసే మన ఇళ్లలో ఎదుగుదల మీద కన్ను ఎప్పుడూ ఉంది. ఏదైనా మెట్టు ఆలస్యమైనప్పుడు మాత్రం "వాళ్ల నాన్నకూ లేటుగానే వచ్చింది" అని సర్దుకుంటాం. పోయే నెలలు ఎంత విలువైనవో అప్పుడు తట్టదు.

చెట్టు అవతల మిగతా పిల్లలు ఉప్పుమూట ఆడుతున్నారు, కుంటికాలితో బిళ్ల తంతున్నారు. వాళ్లకు ఏ చికిత్సా అక్కర్లేదు. ఈ ప్రతిచర్యల పేరు చెప్పి, బడిలో వెనకబడ్డ పిల్లలందరికీ కసరత్తుల ప్యాకేజీలు అమ్మేవాళ్లున్నారు. 2000లో 60 మంది పిల్లలతో జరిగిన ఒక అధ్యయనం లాన్సెట్‌లో వచ్చింది. అలాంటి కదలికల వల్ల చదవడం మెరుగైందని అది చెప్పిన మాట నిజమే. కానీ అంత చిన్న ఆధారం మీద తల్లిదండ్రుల దగ్గర వేలు వసూలు చేయడం అన్యాయం. ప్రతిచర్యల సంగతి అంత తేలికైందీ కాదు. పుట్టిన బిడ్డను నిలబెడితే అడుగులు వేస్తుంది, రెండు నెలలకు మానేస్తుంది. మెదడు ఎదిగి ఆపిందనుకునేవారు. ఎస్తర్ థెలెన్ బృందం బిడ్డల కాళ్లు నీళ్లలో ఉండేలా పట్టుకుంటే ఆ అడుగులు మళ్లీ వచ్చాయి. కాళ్లకు కొవ్వు పట్టి బరువెక్కడమే అసలు సంగతి! 1984లో అచ్చయిన ఆ పరిశోధన గురించి సముద్రం ఒడ్డున చెప్పుకోవడం నాకు భలేగా ఉంది.

ఈ పిల్లాడికి ఆటతో పాటు వైద్యమూ కావాలి. 2021 జూన్‌లో దేశంలో 14 చోట్ల శైశవంలోనే చికిత్స మొదలుపెట్టే కేంద్రాలు తెరిచినప్పుడు నెల్లూరులోని దివ్యాంగుల కేంద్రం సీఆర్‌సీకి చోటు దక్కింది. అయితే అక్కడికి పోయిన రోజు రొయ్యల షెడ్డులో తల్లికి కూలి పోతుంది. అందుకే ఇంట్లో రోజూ చేయదగ్గవి నేర్పడం ముఖ్యమంటుంది థెరపిస్టు.

గోడకు కొత్త చక్రాల వాకర్ వేలాడుతోంది. దాన్ని వాడొద్దంది. అందులో మునివేళ్లతో నెట్టడమే అలవాటవుతుంది, దొర్లి పడే ప్రమాదమూ ఉంది. కెనడా 2004లోనే వాటి అమ్మకం నిషేధించింది. తండ్రి మొహం చిన్నబోయింది.

"మరేం చెయ్యాల మేడం? పడవలు చేసే ఆచారి మనోడే. చెక్కతో ఏదన్నా చేయిస్తా."

ఆమె ఇసుకలో వేలితో మూలకుర్చీ గీసింది. వెనక రెండు పలకలు, ముందు చిన్న బల్ల. వల దారం తీసుకుని పిల్లాడి పిరుదు నుంచి మోకాలి దాకా, మోకాలి నుంచి మడమ దాకా కొలిచి ముళ్లు వేసింది. "ఈ కొలత దాటనీయొద్దు. పాదాలు నేలకు ఆనాల. మూణ్నెల్లకు మళ్లీ కొలుద్దాం."

"బల్ల ఎంతెత్తు?" అన్నాడాయన, దారం జేబులో పెట్టుకుంటూ.

"మోచేతులు ఆనేంత. బెండ్లు దాని మీదే పెట్టాల."