అటుకులును సారాయియు

కొన్ని వాసనలు మనస్సును ఏబది యేండ్లు వెనుకకు లాగికొనిపోవును. 2015వ సంవత్సరమున అమెరికాలో, మిచిగను రాష్ట్రమందలి మా అబ్బాయి యింట నుండగా నాకట్టి యనుభవము కలిగెను.

ఒకనాటి యుదయమున బట్టలుతుకుకొనుటకై నేలమాళిగలోనికి దిగితిని. పులిసిన గంజివాసన గుప్పుమనెను. మూల నొక పెద్ద డబ్బాయు, దాని ప్రక్క రాగిగొట్ట మమర్చిన పాత్రయు కనబడెను. ఇదేమని యడుగగా వాడు నవ్వుచు, "గడువు దాటిన కార్న్ ఫ్లేక్సు పెట్టెలు పది మిగిలినవమ్మా. పారవేయనేల? విస్కీ కాచి చూతమనుకొంటిని" అనెను.

వాడు రసాయనశాస్త్రము చదివినవాడు. ఉత్సాహముతో అంతయు వివరించెను. మొక్కజొన్న అటుకులు ముందే యుడికినవి. మొలకెత్తించి యెండబెట్టిన బార్లీని వేడిగంజిలో కలిపినచో అందలి పిండి చక్కెరగా మారును. ఈస్టు ఆ చక్కెరను మద్యసారము చేయును. నీరు 100 డిగ్రీలకు మరగును. మద్యసారము 78 డిగ్రీలకే మరగును. కావున ముందు లేచు ఆవిరిలో మద్యసారము హెచ్చు. దానిని చల్లార్చి పట్టుటయే బట్టీ.

ఈ యటుకులు ప్రసిద్ధి కెక్కినది ఆ మిచిగనులోని బాటిల్ క్రీకు పట్టణముననే. అచ్చటి యారోగ్యాలయము నడపిన డాక్టరు జాన్ హార్వీ కెల్లాగు మద్యమునకు పరమవిరోధి. సాత్త్వికాహారమని రోగులకు ధాన్యపుటటుకులు పెట్టించెను. 1906లో ఆయన తమ్ముడు వానిని అమ్ముటకు కంపెనీ పెట్టెను. మద్యద్వేషి పెట్టించిన తిండి మద్యమగుట విధివిలాసము గాక మఱేమి?

"ఇది నేరము కాదా?" అంటిని. 1978 నాటి శాసనముచే ఇంట బీరు చేసికొనవచ్చును గాని, అనుమతి లేక సారాయి కాచినచో అయిదేండ్ల వఱకు చెఱ విధింపవచ్చునని వాడే యొప్పుకొనెను. ఆవిరికి నిప్పంటినచో ఇల్లే కాలును. "స్నేహితులకు రెండు సీసాలేనమ్మా, తమాషాకు" అనెను.

ఆ మాట నా గుండెలో గ్రుచ్చుకొనెను. వాని తాతగారు గుండెజబ్బుతో పోయిరని వాడు పుట్టినది మొదలు చెప్పుచు వచ్చితిని. అది యబద్ధము. నెల్లూరు జిల్లాలో మా పెరట బెల్లపు ఊట పెట్టి, స్నేహితుల కొఱకు, తమాషాకే మా నాయన ప్రారంభించెను. తుదకు మా అమ్మ పుస్తెలు కూడ దానికే పోయినవి. 1973లో ఆయనయు పోయెను. 1992లో అదే జిల్లాలోని దూబగుంటలో, అక్షరములు నేర్చిన స్త్రీలు సారా దుకాణము మూయించిరి. ఆ యుద్యమము వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. నాడు మా అమ్మ అరుగుపై కూర్చుండి యేడ్చినది. ఏలనని యడుగగా, "ఇరువదియేండ్లు ఆలస్యమైనదే అమ్మాయీ" అనినది.

ఇదంతయు విని అబ్బాయి చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదమ్మా?" అనెను. నాకు బదులు తోచలేదు. సాయంకాలము ఆ గంజిని పెరటి యెరువుగుంటలో పోసివచ్చెను.

వాని తప్పుకంటె నా తప్పే పెద్దదని నాకు తోచినది. ఇంటి పరువని మనము దాచిన దుఃఖమును బిడ్డలు తమాషాగా మరల తెచ్చుకొందురు. ఆ వాసన యేమిటో వాని కెవరు చెప్పిరి? నేను చెప్పవలసినది.