ప్రతిపాదన అనే వాగ్దానం

వెబ్‌సైట్ చేయించుకోదలచిన వ్యాపారికి డిజైనర్ రాసి ఇచ్చే ప్రతిపాదనను చాలామంది ప్రచార పత్రంగానే భావిస్తారు. అందువల్ల సంస్థ గొప్పలు, పాత పనుల బొమ్మలు, ‘అత్యాధునికం’, ‘ఆకర్షణీయం’ వంటి విశేషణాలు పేజీలకు పేజీలు ఆక్రమించి, అసలు చేయబోయే పని చివరి పేజీలో రెండు వరుసలకూ ఒక అంకెకూ కుదించుకుపోతుంది. అయితే 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం, ఒకరు చేసిన ప్రతిపాదనకు ఎదుటివారు షరతులు లేకుండా సమ్మతిస్తే అది వాగ్దానమవుతుంది; ప్రతిఫలం తోడై, చట్టం కోరే ఇతర లక్షణాలు కూడా ఉంటే ఒప్పందంగా నిలబడుతుంది. కాబట్టి రేపు ఆ కాగితాన్ని ఎదురుగా పెట్టి ‘ఇది చేశారా?’ అని అడిగితే జవాబు చెప్పగలిగే వాక్యాలు మాత్రమే అందులో ఉండాలి.

భూదాన్ పోచంపల్లిలో ఇక్కత్ చీరలు అమ్మే ఒక వ్యాపారిని ఉదాహరణగా తీసుకుంటే, ఆయన మొదట అనే మాట ‘మంచి సైట్ ఒకటి చేసిపెట్టండి, ఎంతవుతుందో చెప్పండి’ అన్నదే. ఆ మాట మీదే కొటేషన్, అంటే ధరల పట్టీ, రాసి ఇచ్చేవారు కొందరైతే, ఒక పూట దుకాణంలో కూర్చుని బేరం ఎలా సాగుతుందో గమనించేవారు కొందరు. ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత మగ్గం మీదికి ఎక్కిస్తారు కనుక ఒకే నమూనాలో నేసిన రెండు చీరల మధ్య కూడా రంగు అంచుల్లో సన్నని తేడా ఉంటుంది. ఫోటో చూసిన కొనుగోలుదారు ఆ చీరే కావాలంటాడు. అమెరికాలో ఉన్న ఒక కుటుంబం వాట్సాప్‌లో దాన్ని ఖాయం చేసుకునేలోపు అదే చీర కౌంటర్ మీద అమ్ముడుపోతే, వ్యాపారికి మాట పోతుంది, బేరమూ పోతుంది. ప్రతిపాదన మొదటి పేజీలో ఉండవలసింది ఈ ఇబ్బందే. ‘ఒక్కటే ఉన్న చీర రెండు చోట్ల అమ్ముడుపోకూడదు, ధరెంత, పొడవెంత, జాకెట్టు గుడ్డ ఉందా అన్న ప్రశ్నలకు ఫోన్ చేయకుండానే జవాబు దొరకాలి’ అని అక్కడ కనిపిస్తే, తన బాధ ఎదుటివారికి అర్థమైందని వ్యాపారి గ్రహిస్తాడు, ఆ నమ్మకం ఎన్ని రంగుల బొమ్మలు చూపినా రాదు.

సమస్య తేలిన తర్వాత పని పరిధిని, అంటే చెప్పిన ధరకు ఏది జరుగుతుంది, ఏది జరగదు అన్న గిరిని గీయాలి. ‘సైట్ వేగంగా తెరుచుకుంటుంది’ అన్న మాటను ఎవరూ కొలవలేరు. ‘మొబైల్‌లో పేజీలోని ప్రధాన చిత్రం 2.5 సెకన్లలోపు కనిపిస్తుంది’ అన్నదాన్ని కొలవవచ్చు, మంచి పేజీకి గూగుల్ పెట్టిన హద్దు కూడా అదే. చూపు మందగించినవారు సైతం చదవగలగాలంటే మామూలు అక్షరానికీ దాని వెనుక రంగుకూ మధ్య వ్యత్యాసం కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ మార్గదర్శకాలు చెబుతున్నాయి; బంగారు రంగు అక్షరాలపై మోజుపడే దుకాణానికి ఈ సంగతి ముందే చెప్పడం మేలు. చీరల ఫోటోలు ఎవరు తీస్తారు, అమ్ముడైన చీరను సైట్ నుంచి ఎవరు తొలగిస్తారు, డిజైన్ చూపాక ఎన్ని విడతల మార్పులు ధరలో కలిసి ఉంటాయి అన్నవి రాయకుండా వదిలేస్తే, తగాదాలు సాధారణంగా అక్కడే పుడతాయి.

సైట్ తెలుగులో కూడా ఉండాలన్నప్పుడు ఈ గిరికి మరింత జాగ్రత్త కావాలి. దుకాణం కరపత్రాలు డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లలో టైప్ చేసినవైతే అవి ముద్రణకు పనికొస్తాయే గాని, ప్రతి అక్షరానికీ అన్ని యంత్రాలలోనూ ఒకే సంకేతాన్ని కేటాయించే యూనికోడ్ పద్ధతిలో ఉండవు. నేరుగా వెబ్ పేజీలో అతికిస్తే అర్థంలేని గుర్తులుగా మారిపోతాయి. మార్పిడి ఉపకరణాలు ఉన్నప్పటికీ, మార్చిన పాఠాన్ని ఒకరు కూర్చుని వాక్యం వాక్యం సరిచూడక తప్పదు. ఆ శ్రమను విడి పనిగా, విడి ధరతో చూపకపోతే చివరి వారంలో అది ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి కాబట్టి ఆ ఖర్చు లేదని రాయవచ్చు. ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎడంలోనే తెలుగును కూర్చితే పై వరుసలోని ఒత్తులు కింది వరుసలోని గుడులను తాకుతాయి. అందుకే తెలుగుకు విడిగా ఎడం పెట్టిన నమూనా పేజీని ముందుగా చూపిస్తామన్న వాక్యం భాష తెలిసిన డిజైనర్‌ను ఇట్టే పట్టిస్తుంది.

ధర ఎక్కువైనా సర్దుకునే వ్యాపారి, ఒప్పుకున్న తర్వాత పెరిగిన ధరను మాత్రం మరచిపోడు. పనికి రూ. 60,000 అని రాసి ఊరుకుంటే, జీఎస్టీ నమోదు ఉన్న డిజైనర్ 18 శాతం పన్ను కలిపి రూ. 70,800కు బిల్లు ఇచ్చిన రోజున ఆ రూ. 10,800 మోసంలా కనిపిస్తుంది. డొమైన్, అంటే సైట్ చిరునామా, హోస్టింగ్, అంటే సైట్‌ను ఉంచే సర్వర్ అద్దె, ఈ రెండూ గడువు తీరినప్పుడల్లా మళ్లీ కట్టవలసినవని వేరే వరుసలో చెప్పాలి. అడ్వాన్స్ పోగా మిగిలిన సొమ్మును తేదీలకు గాక, డిజైన్ ఆమోదం, సైట్ ప్రారంభం వంటి కంటికి కనిపించే మజిలీలకు ముడిపెడితే ఇరుపక్షాలకూ భద్రత ఉంటుంది.

సొంతదారు ఎవరన్నది కూడా దాటవేయదగినది కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, బయటి డిజైనర్ రాసిన కోడ్ మీద హక్కు సొమ్ము చెల్లించినంత మాత్రాన క్లయింట్‌కు రాదు. సంతకంతో కూడిన రాతపూర్వక బదలాయింపు ఉండాలి. ఆ రాతలో కాలం పేర్కొనకపోతే 5 ఏళ్లకే, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికే అది పరిమితమని చట్టం భావిస్తుంది. విదేశాలకు చీరలు పంపే వ్యాపారి ప్రయోజనాన్ని నిజంగా కోరే డిజైనర్ ఈ రెండింటినీ తానే స్పష్టంగా రాసి, డొమైన్‌ను క్లయింట్ పేరుమీదే నమోదు చేయిస్తానని కూడా చేర్చాలి.

ఇంత రాసినా, దుకాణంలో మాట్లాడిన వ్యక్తి ఒక్కడే ఆ పత్రాన్ని చదవడు. సంప్రదింపులలో లేని అన్న, లెక్కలు చూసే ఆడిటర్, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు కలిసి నిర్ణయం తీసుకుంటారు; వారి ముందు డిజైనర్ ఉండడు, కాగితమే ఉంటుంది. సాంకేతిక పదం వచ్చిన చోటల్లా ఒక్క ముక్కలో అర్థం చెప్పి, నాలుగైదు పేజీలు దాటకుండా, ఎప్పటిదాకా చెల్లుతుందో తేదీ వేసి ఇచ్చిన ప్రతిపాదన వారందరితోనూ తానే మాట్లాడగలదు. ఆన్‌లైన్ చెల్లింపుల దుకాణం ఇప్పుడే అవసరం లేదు, చీరల జాబితా, వాట్సాప్ బటన్ చాలు అనిపిస్తే ఆ మాటనూ అందులోనే రాయాలి. దానివల్ల బిల్లు తగ్గుతుంది గాని, నిలబెట్టుకోలేని వాగ్దానం ఒకటి తప్పుతుంది. వృత్తిలో పదేళ్లు నిలవదలచినవారికి ఆ లెక్కే లాభసాటి.