నాలుగు చక్రాలూ, నా పసుపుకుంకుమ డబ్బూ

వేసవిలో మిర్చి యార్డుకి సెలవులిస్తారు కదండీ, మా ఇంట్లో అసలు పండగ అప్పుడే. మావారు రెండు పూటలా ఇంట్లో కూర్చుని అన్నం తినేది ఆ నెల రోజులే. 2025 సెలవుల్లో మొదటి ఆదివారం, గోంగూర పచ్చడి కలుపుకుంటూ ఉండగా ఫోను నా ముందు పెట్టి "ఇది చూడు" అన్నారు.

అబ్బాయికి ఏదో సంబంధం ఫోటో అనుకున్నా. చూస్తే నీలం రంగు కారు! బీఎండబ్ల్యూ ఎం340ఐ ఎక్స్‌డ్రైవ్. 2021 మోడలు, హైదరాబాదు బండి, 38,000 కిలోమీటర్లు తిరిగింది. 46 లక్షలు.

నేను నోరు తెరిచేలోపే, "2021లో వచ్చినప్పుడు షోరూం ధరే 62 లక్షల 90 వేలు. మన చెన్నైలోనే బిగిస్తారు" అన్నారు, అదేదో పక్కింటి వాళ్ళు చేసి పంపిన కూర అన్నట్టు.

మామూలుగా అయితే నవ్వేసి లేచేదాన్ని. కానీ ఆయన మొహం చూస్తే నవ్వు రాలేదు. 27 ఏళ్ళ కాపురంలో "నాకు ఇది కావాలి" అని ఆయన అడగడం అదే మొదటిసారి. ఇద్దరు ఆడపడుచుల పెళ్ళిళ్ళు, మావయ్యగారి గుండె ఆపరేషను, పిల్లల చదువులు అన్నీ ఆయన చేతి మీదుగానే జరిగాయి. తను మాత్రం 11 ఏళ్ళుగా ఒకే డిజైరు తోలుతున్నారు.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. మా నాన్న పసుపుకుంకుమ కింద పెదనందిపాడు దగ్గర ఎకరం పైచిలుకు చేను ఇచ్చారు. అది అమ్మగా వచ్చిన 50 లక్షలు నా పేరున బ్యాంకులో డిపాజిట్ ఉన్నాయి. ఇంట్లో అంత డబ్బు ఇంకెక్కడా లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం పైకి అనలేదు.

"అంత డబ్బు పెడితే ఏమిటట దాని గొప్ప?" అన్నా.

పళ్ళెం పక్కకి జరిపి మరీ చెప్పారు. మామూలు కారులో ఇంజను బలం రెండు చక్రాలకే వెళ్తుందట. ఇందులో నాలుగింటికీ వెళ్తుంది. ఏ చక్రం జారుతుందో కనిపెట్టి, పట్టున్న చక్రాలకి ఎక్కువ బలం పంపుతుంది. ఆరు సిలిండర్లు, 387 గుర్రాల బలం. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం 4.4 సెకన్లలో అందుకుంటుంది.

"అయితే వానాకాలం మన ఊరి డొంకలో దిగబడదన్నమాట."

"పిచ్చిదానా, అది నేలకి ఆనుకుని ఉంటుంది. నల్లరేగడి బురదలో ట్రాక్టరే కూరుకుపోద్ది, దీని సంగతి చెప్పాలా!"

రాత్రి బెంగళూరు నుంచి అబ్బాయి ఫోను చేస్తే వాడినీ అడిగా. "అమ్మా, నాలుగు చక్రాల బలం బయల్దేరడానికే. ఆగడానికి కాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి. నాన్నకి ఆ మాట గట్టిగా చెప్పు" అన్నాడు.

ఇక నేను పాల లెక్కల పుస్తకం తీశా. తెలంగాణ బండి కాబట్టి అక్కడి ఆర్టీఏ ఆఫీసు నుంచి ఎన్ఓసీ తేవాలి. ఇక్కడ బండి వయసుని బట్టి మళ్ళీ లైఫ్ ట్యాక్సు కట్టాలి. ఇన్సూరెన్సు 14 రోజుల్లో మన పేరుకి మార్పించుకోవాలి. క్లెయిము చేయనందుకు వచ్చే తగ్గింపు పాత ఓనరుదే, మనకి రాదు. ఒక టైరు పాడైతే ఒక్కటే మార్చుకుంటామంటే కుదరదు. నాలుగూ దాదాపు సమంగా అరిగి ఉండాలి, లేకపోతే బలం పంచే ఆ యంత్రం మీదే భారం పడుతుంది. పెట్రోలు లీటరు అప్పట్లో 109 పైనే ఉండేది, లీటరుకి పది కిలోమీటర్లు వస్తే గొప్ప. సర్వీసుకి బెజవాడో హైదరాబాదో పోవాలి.

ఈలోగా బెజవాడలో వేరే కంపెనీది, ఇలాంటిదే, ఇంకా చవగ్గా ఉందని ఎవరో చెబితే వెళ్ళాం. తళతళ మెరుస్తోంది. తలుపు తీయగానే మల్లెపూల సెంటు గుప్పుమంది. నాకు దాని అడుగున ఇంకో వాసన తగిలింది. వానకి తడిసి ఆరిన మిర్చి టిక్కీ వాసన ఎలా ఉంటుందో మా కొట్టుకి వచ్చినవాళ్ళెవరికైనా తెలుసు, ఎంత ఎండబెట్టినా పోదు. సీటు బెల్టు మొత్తం బయటికి లాగా. చివర జానెడు మేర మట్టి చార. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ మునిగినప్పుడు ఎన్ని బండ్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయో మనం చూశాం కదా. మావారు మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగారు. మీరెవరైనా పాత కారు కొనబోతే ముందు బెల్టు చివరిదాకా లాగి చూడండి. కార్పెట్టు ఎత్తి కింద కూడా చూడండి.

తరవాతి శనివారం హైదరాబాదు వెళ్ళాం. ఆ ఓనరు సాఫ్ట్‌వేరు కుర్రాడు. సర్వీసు కాయితాలన్నీ ఫైలులో పెట్టి చూపించాడు. వాళ్ళావిడ కాఫీ ఇస్తూ, "మా అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పులతో ఇందులోంచి లేవలేకపోతున్నారు ఆంటీ, అందుకే అమ్మేస్తున్నాం" అంది. బెల్టు లాగా, శుభ్రంగా ఉంది. కార్పెట్టూ ఎత్తి చూశా. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాం. ఆ అబ్బాయి ముందు సీట్లో, నేను వెనక. ఖాళీ దొరకగానే మావారు కాలు నొక్కారు. నా వీపు సీటుకి అతుక్కుపోయింది, కడుపులో కాఫీ కదిలింది. 120 దాటకూడదని ఆ అబ్బాయి హెచ్చరించేలోపే ముల్లు అక్కడికి చేరింది. అద్దంలో ఆయన మొహం చూశా. పెళ్ళైన కొత్తలో మావయ్యగారి అంబాసిడరు తోలుతూ నన్ను కోటప్పకొండ తిరణాలకి తీసుకెళ్ళిన మనిషి, ఎన్నేళ్ళ తరవాతో, మళ్ళీ కనిపించాడు. ఇచ్చేద్దాం అనుకున్నా. నిజంగానే అనుకున్నా.

తిరుగు ప్రయాణం మన డిజైరులోనే. మిర్యాలగూడ, దాచేపల్లి దాటాం. పిడుగురాళ్ళ దగ్గర చీకటి పడింది. ముందు సున్నం లారీ, దాని ముందు గడ్డి ట్రాక్టరు, వెనక లైటు లేదు. గేదెలు రోడ్డు దాటుతున్నాయి. పావుగంట అలాగే పాకాం.

"ఇక్కడ అదైనా ఇదే స్పీడు" అన్నారు ఆయన. కాసేపాగి, "వద్దులే. అది మీ నాన్న ఇచ్చిన డబ్బు" అన్నారు.

నాకు కోపం వచ్చింది. "నా డబ్బని వద్దంటే ఊరుకోను. మీ చెల్లెళ్ళ పెళ్ళికి నా గాజులు తాకట్టు పెట్టినప్పుడు ఈ మాట అనుకున్నామా? వద్దనడానికి వేరే కారణం ఉంది, అది చెప్పుకుందాం" అన్నా.

చెప్పుకున్నాం. అంతకు ముందు క్వింటా 20,000 పైన అమ్మిన రైతులే, ఆ సీజనులో ధర పడిపోయి విలవిల్లాడారు. ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. మేమిచ్చిన పెట్టుబడి డబ్బు ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది. పంట పోయిన మనిషి గుమ్మంలో నిలబడి వడ్డీ అడిగే రకం కాదు ఆయన. ఆ బాకీలు వచ్చేదాకా నా డిపాజిట్టే మా ఇంటికి స్టెప్నీ. స్టెప్నీ అమ్మి ఎంత మంచి బండి కొన్నా, ఎక్కిన రోజు నుంచీ భయంగానే ఉంటుంది.

ఆయన తలూపారు. "సరే, నీకేం కావాలి? నిన్నెప్పుడూ అడగలేదు" అన్నారు.

నమ్ముతారో లేదో, సత్తెనపల్లి వచ్చేదాకా నాకు జవాబు దొరకలేదు. అందరికీ ఏం కావాలో నాకు నోటికొచ్చు. నాది నాకే తెలియలేదు. చివరికి "డ్రైవింగు నేర్చుకుంటా" అన్నా. ఆయన కారు పక్కకి ఆపి మరీ నవ్వారు.

కారు కొనలేదు. లెక్కల పుస్తకంలో మాత్రం పాలు, కరెంటు, ఫీజుల తరవాత కొత్తగా రెండు గీతలు గీశా. ఒకటి ఆయన పేరున, ఒకటి నా పేరున. ఆయన గీత కింద నెలకి 10,000. బాకీలు వసూలైతే ఇంకాస్త. ఎన్నేళ్ళు పడుతుందో లెక్క వేయలేదు. పాతబడే కొద్దీ ఆ కారు ధర తగ్గుతుంది, మన డబ్బు పెరుగుతుంది, ఎక్కడో ఒకచోట కలుస్తాయని ఆయన ధీమా. నేను పొద్దున్నే ఆరింటికి విద్యానగర్ వీధుల్లో డిజైరుని ఆపుతూ, అదిలిస్తూ తిప్పుతున్నా. ఆయన పక్క సీట్లో హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యేసి కూర్చుంటున్నారు.

మీ ఇంటి లెక్కల పుస్తకంలో మీ పేరున గీత ఉందా? లేకపోతే ఇవాళే గీయండి. ఎంత వేస్తారన్నది తరవాత సంగతి.