సందుగకు రష్యాలో చుట్టాలున్నారు

రష్యా జానపద కథల్లో కొషెయ్ అని ఒక ముసలి మాంత్రికుడు ఉంటాడు. వాడు ఓ పట్టాన చావడు. వాడి చావు సూది మొనలో ఉంటుంది. సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు ఒక పెద్ద పెట్టెలో, ఆ పెట్టె నడిసముద్రంలో దీవి మీద ఓక్ చెట్టు దగ్గర! మన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో లేదూ, అదే లెక్క. కాకపోతే మనం ప్రాణం దాచామంటాం, వాళ్లు చావు దాచామంటారు. ప్యాకింగ్ కూడా వాళ్లదే గట్టిది.

ఆ పెట్టెను రష్యన్‌లో 'సుందూక్' అంటారు. కజాన్‌లో మెడిసిన్ చదువుతూ, భాష కోసం పిల్లల పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు ఈ మాట కంటపడింది. డిక్షనరీ అక్కర్లేకపోయింది. మా జగిత్యాల వైపు దాన్ని సందుగ అంటారు మరి.

అసలు మాట అరబీది, 'సందూక్'. అక్కణ్నుంచి రెండు దారులు పట్టింది. ఒకటి పారశీకం, ఉర్దూల మీదుగా మన దగ్గరికి వచ్చి సందూక, సందుగ అయింది. ఇంకోటి తురక భాషల మీదుగా రష్యన్‌లోకి వెళ్లింది. కజాన్ తాతార్ల ఊరు, 1552లో ఇవాన్ ది టెర్రిబుల్ గెలుచుకునేదాకా వాళ్ల రాజ్యమే. ఇక్కడి తాతార్లు ఇప్పటికీ 'సందిక్' అంటారు. బల్గేరియా, సెర్బియాల్లోకి ఒట్టోమన్ తురుష్కులతో వెళ్లింది. సెర్బియన్‌లో 'సాందుక్' అంటే పెట్టె, శవపేటిక కూడా. దాన్నే చిన్నది చేసి 'సాందుచె' అంటే ఉత్తరాలు వేసే డబ్బా! ఒక్క మాట ఎన్ని ఉద్యోగాలు చేస్తోందో చూడండి.

సూట్‌కేసుకు రష్యన్ మాట 'చెమదాన్'. ఇదీ పారశీకమే. 'జామా' అంటే బట్ట, 'దాన్' అంటే పెట్టుకునేది. పైజామాలో జామా, పాన్‌దాన్‌లో దాన్ మనకు తెలిసినవే. నా చెమదాన్ ఎయిర్‌పోర్టులో ఇరవై మూడు కిలోలు దాటకూడదు. సుందూక్‌కు ఆ బాధ లేదు, అది ఇల్లు కదలదు.

రష్యా పల్లెల్లో ఆడపిల్ల పెళ్లికి తువ్వాళ్లు, దుప్పట్లు, బట్టలు ఏళ్ల తరబడి సుందూక్‌లోనే కూడబెట్టేవాళ్లు. అది చదివినప్పుడు నవ్వొచ్చింది. మా నానమ్మ సందుగ కూడా ఆమెతోపాటే అత్తగారింటికి వచ్చింది. చెక్కది, ఇత్తడి గొళ్లెం. అందులో పట్టుచీరలు, పొలం కాగితాలు, కలరా ఉండలు, నాకోసం బెల్లం పట్టీలు. "సందుగల ఉంది, తీస్కో బిడ్డా" అని తాళంచెవి ఇచ్చేది. తాళంచెవి ఇంకెవరికీ ఇచ్చేది కాదు.

నానమ్మ పోయి ఏడాదైంది. ఇప్పుడు మా ఇంట్లో ఆ మాట అనేవాళ్లు లేరు. అమ్మ 'పెట్టె' అంటుంది. తమ్ముడికైతే అది 'ఆ పాత సామాను'. ఊళ్లో ఇల్లు అమ్మేస్తున్నారు. సందుగను పాత సామాను కొనేవాళ్లకు ఇద్దామని బాబాయి అంటున్నాడట.

మొన్న నాన్నకు ఫోన్ చేసి, అమ్మొద్దని చెప్పాను. "ఫ్లాట్ల జాగేది బిడ్డా? అది లిఫ్టుల కూడా పట్టది" అన్నాడు.

"కొలిచారా?" అని అడిగాను.

కొలవలేదట. ఆదివారం ఊరికి వెళ్లి టేపు పెట్టి కొలుస్తానన్నాడు.