ఏ నీటికి ఏ ఎర?

మారేడుమిల్లి వాగు నుంచి అంతర్వేది మొగ దాకా... గోదావరి గట్టున గాలం పట్టేవాళ్లకు చేప కన్నా ముందు తెలియాల్సింది దాని ఆకలి!

వెదురు కర్ర, నైలాన్ దారం, గాలం, బెండు... ఇవన్నీ కొనడానికి పది నిమిషాలు చాలు. ఆ గాలానికి ఏం గుచ్చాలో తెలుసుకోవడానికే ఏళ్లు పడుతుంది. ఒకే గట్టు మీద ఒకేలాంటి కర్రలతో ఇద్దరు కూర్చుంటే, ఒకరి బుట్ట నిండుతుంది, రెండోవారిది ఖాళీగా ఉంటుంది. అదృష్టం అంటాం కానీ, చాలాసార్లు తేడా అంతా ఎరలోనే!

ఈకలతో ఈగలు

ఈ ఎంపికను ఒక విద్యగా మార్చినవాళ్లు కొండ ఏరుల్లో ట్రౌట్ చేపను వేటాడేవాళ్లు. కోడి ఈకలు, వెంట్రుకలు, పట్టుదారాలు గాలానికి చుట్టి అచ్చం పురుగుల్లా ఉండే ఈగలు తయారుచేస్తారు. ఆరోజు నీటి మీద ఏ పురుగు ఎగురుతోందో చూసి, పెట్టెలోంచి అలాంటి ఈగనే తీసి కడతారు. ట్రౌట్ మన చేప కాదు. బ్రిటిష్ వాళ్లు తెచ్చి కశ్మీర్‌లో, నీలగిరుల్లో, మున్నార్ కొండల్లో వదిలారు. దానికి చల్లటి నీళ్లు కావాలి. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటే గోదావరి జిల్లాల్లో బతకలేదు. మన చెరువులూ నదుల సంగతికొస్తే, మద్రాసు ప్రెసిడెన్సీలో సివిల్ సర్వీసు అధికారిగా పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ద రాడ్ ఇన్ ఇండియా’, 1887లో ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ రాశారు. నీళ్లు వేరైనా సూత్రం ఒకటే... చేప ఏం తింటోందో చూడు, అదే పెట్టు!

కొండవాగులో మిడత

ఆ సూత్రానికి మన దగ్గర దగ్గరి ఉదాహరణ మారేడుమిల్లి వైపు వాగులు. రాళ్ల మీద పారే తేట నీళ్లు, పైన చెట్ల నీడ. కొమ్మల మీంచి రాలే పురుగులు, మిడతలే అక్కడి చిన్న చేపలకు విందు. కాబట్టి చిన్న గాలం, సన్నని దారం, దానికో మిడత. సీసం గుండు అక్కర్లేదు, ఎరను ప్రవాహంతో పోనివ్వాలి. మన నీడ నీటిమీద పడితే మాత్రం చేప మళ్లీ కనబడదు. ఒక్కమాట... ఈ కొండల్లో కొంతభాగాన్ని 2008లో పాపికొండల జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఆ హద్దుల్లో వేట కుదరదు. ఈ ప్రాంతంలో ఎక్కడైనా ముందు అటవీ సిబ్బందిని అడగాలి.

ఎర్రనీరు వస్తే వానపాము

ఆ వాగుల నీళ్లన్నీ చివరికి చేరేది గోదావరికే. జులైలో వరద మొదలయ్యాక రాజమండ్రి దగ్గర నది ఎర్రబడుతుంది. బురద నీళ్లలో చేపకు కళ్లు పనిచేయవు, వాసనే దారి చూపిస్తుంది. అందుకే అప్పుడు వానపాముకు మించిన ఎర లేదు. మీసాలతో అడుగున తడుముకుంటూ తిరిగే జెల్లలు దాన్ని ఇట్టే పసిగడతాయి. వరద తీసి నీళ్లు తేరుకున్నాక కథ మారుతుంది. అప్పుడు చూపుకి ఆనేది కావాలి, అంటే కదిలే రొయ్య పెట్టాలి. చీకటి పడ్డాక తిరిగే వాలుగకు చిన్న చేపను గుచ్చాలి. దాని పళ్లకు దారం తెగుతుంది కాబట్టి గాలం దగ్గర సన్నని తీగ తప్పదు.

కాలువలో తవుడు ముద్ద

ధవళేశ్వరం దగ్గర 1847-52 మధ్య కాటన్ దొర కట్టించిన ఆనకట్ట నీళ్లను కాలువల్లోకి మళ్లించింది. డెల్టా చెరువుల్లో బొచ్చె పైన, శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున మేస్తాయి. తవుడు, వేరుశనగ చెక్క, గోధుమపిండి కలిపిన ముద్ద మూడింటికీ పనికొస్తుంది. మార్చాల్సింది బెండు దగ్గర నుంచి గాలానికి ఉండే లోతునే.

గుర్రపుడెక్కలో దాక్కునే కొరమేనుకు పూర్వం కప్పపిల్లను గెంతించేవారు. కొన్ని జాతుల కప్పలకు చట్టం రక్షణ ఉంది కాబట్టి రబ్బరు కప్ప నయం. నీటిమీద ఎర్రగా పిల్లల గుంపు కనిపిస్తే అక్కడ గాలం వేయకపోవడమే మర్యాద. కింద తల్లిదండ్రులు కాపలా కాస్తుంటాయి. వాటిని పట్టేస్తే పిల్లలన్నీ ఇతర చేపల పాలే!

మొగ దగ్గర పోటు చూసి...

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలుతుంది. అంతర్వేది దగ్గర వశిష్ఠ, యానాం దాటాక గౌతమి సముద్రంలో కలుస్తాయి. ఉప్పూ తీపీ కలిసే ఈ నీళ్లకు రాజు పండుగప్ప. పోటు నీరు ఎక్కేటప్పుడు బతికున్న రొయ్య వేయాలి. పండుగప్ప మగదిగా ఎదిగి, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. అంటే బాగా పెద్దది దొరికితే అది గుడ్లు పెట్టే తల్లి అనుకోవచ్చు. ఫొటో తీసుకుని వదిలేస్తే మరుసటేటికి పెట్టుబడి పెట్టినట్టే.

ఎరకు లొంగనిది

ఇక పుస్తెలమ్మయినా తినాలనిపించే పులస సంగతి? నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టి తినే ఈ చేపకు మన వానపాము, ముద్ద ఏవీ అక్కర్లేదు. గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీదుతూ వస్తుంది, బ్యారేజీ దగ్గర ఆగిపోతుంది. పట్టేది వలతోనే.

వల దారిలో వచ్చినవన్నీ ఊడ్చేస్తుంది, మందు కలిపితే వాగు మొత్తం చచ్చిపోతుంది. గాలం అలా కాదు. ఒక ఎర, ఒక చేప. ఏది తీసుకోవాలో, ఏది వదలాలో మన చేతుల్లోనే ఉంటుంది. వానాకాలం చాలా చేపలకు గుడ్లు పెట్టే కాలం. పొట్ట నిండుగా ఉన్నదాన్ని, చిన్నదాన్ని వదిలేయడం పిల్లలకు ముందే నేర్పితే, రేపు వాళ్లు గాలం వేసినా బెండు మునుగుతుంది!

వెళ్లాలంటే...

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం ఊరికి ఆనుకునే ఉంటుంది. మారేడుమిల్లి దాదాపు 85 కిలోమీటర్లు. చెరువులో వేయాలంటే యజమాని అనుమతి తప్పనిసరి. వరద రోజుల్లో పడవెక్కొద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఎన్నో కుటుంబాలు చెదిరిపోయాయి. పిల్లలతో వెళితే లైఫ్ జాకెట్ మరిచిపోకండి.